తాడు కంటే స్టాంపు బరువు

జిల్లా స్థాయి టగ్ ఆఫ్ వార్ సంఘానికి ఆస్తులంటూ ఏముంటాయి? లావుపాటి తాడొకటి, ఆటగాళ్లను తూచే కాటా ఒకటి, కార్యదర్శి ఇంట్లో బీరువాలో ఉండే మినిట్స్ పుస్తకం, దాని పక్కనే ఒక రబ్బరు స్టాంపు. సొంత మైదానం ఉండదు. టికెట్ల డబ్బు, టీవీ హక్కుల మాట సరేసరి. అంతర్జాతీయ నిబంధన ప్రకారం కనీసం 33.5 మీటర్ల పొడవు, 10 నుంచి 12.5 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉండాల్సిన ఆ తాడు కొనడానికే చందాలు వేసుకునే సంఘాలివి. అలాంటి చోట పదవుల కోసం పోటీ సంఘాలు పెట్టుకుని, కోర్టు మెట్లెక్కేంత తగాదా ఎందుకు వస్తుందన్నది బయటివాళ్లకు అంతుపట్టదు.

తగాదా తాడు గురించి కాదు, స్టాంపు గురించి. క్రీడా కోటాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు అర్హమైన ఆటల జాబితాను సిబ్బంది వ్యవహారాల శాఖ 2020లో 43 నుంచి 63కు పెంచింది. కొత్తగా చేరిన ఇరవైలో టగ్ ఆఫ్ వార్ ఒకటి. రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడినట్టు ఇచ్చే ధ్రువపత్రం మీద రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం కావాలి. సంక్రాంతి ఆటల్లో ఐలేసా అంటూ లాగినప్పుడు తాడు తెగినా నవ్వుకుని వెళ్లిపోతారు. ధ్రువపత్రం ఉద్యోగానికి పనికొస్తుందన్న రోజు నుంచి ఎవరూ నవ్వరు. జట్టులోని ఎనిమిది మందిని ఎవరు ఎంపిక చేశారు, వాళ్లకు ఆ అధికారం ఎవరిచ్చారు, ఇచ్చిన సమావేశం సరిగ్గా జరిగిందా, అసలు ఆ సమావేశానికి నోటీసు అందరికీ వెళ్లిందా అని గొలుసు లాగుతూ పోతే చివరకు తేలేది సంఘం నియమావళి, అంటే బైలాస్‌లోని నాలుగు వాక్యాల దగ్గర. ఔత్సాహిక సంఘానికి డబ్బు లేదు కాబట్టి నియమాలు వదులుగా ఉన్నా ఫర్వాలేదనుకోవడం సరైంది కాదు. డబ్బున్న సంఘమైతే కనీసం లాయరును పెట్టుకుంటుంది.

ముందే రాసుకోని నియమం ఎంత దూరం తీసుకెళ్తుందో ఈ ఆట చరిత్రే చెబుతుంది. తాడు లాగుడు 1900 నుంచి 1920 వరకు ఒలింపిక్స్‌లో ఉండేది. 1904లో సెయింట్ లూయిస్‌లో గెలిచిన మిల్వాకీ క్లబ్బు జట్టు మీద, వాళ్లు మిల్వాకీ వాళ్లే కాదు, షికాగో నుంచి పట్టుకొచ్చిన మనుషులన్న ఆరోపణ వచ్చింది. 1908లో లండన్‌లో లివర్‌పూల్ పోలీసుల జట్టు వేసుకున్న బరువైన బూట్ల మీద అమెరికా జట్టు అభ్యంతరం చెప్పింది. అవి పోలీసులు రోజూ డ్యూటీకి వేసుకునే మామూలు బూట్లేనని నిర్వాహకులు తేల్చారు. అమెరికా వాళ్లు పోటీ నుంచి తప్పుకున్నారు. మామూలు బూటు అంటే ఏమిటో అప్పటికి ఎవరూ కొలిచి రాయలేదు. ఇప్పుడు రాశారు: మడమ కింద లోహపు పలక 6.5 మిల్లీమీటర్లు మించకూడదు, అది అంచుతో సమానంగా ఉండాలి, మేకులు బయటికి రాకూడదు.

ఇంగ్లండ్‌లో ఈ ఆట చాలాకాలం 1880లో పుట్టిన అమెచ్యూర్ అథ్లెటిక్ అసోసియేషన్ గొడుగు కిందే నడిచింది. 1958లో అక్కడి టగ్ ఆఫ్ వార్ సంఘం వేరుగా ఏర్పడింది. 1960లో అంతర్జాతీయ సమాఖ్య పుట్టింది. ఔత్సాహిక అన్న మాటకు ఒకప్పుడు చాలా కఠినమైన అర్థం ఉండేది. ఆటకు డబ్బు తీసుకున్నవాడిని గుమ్మంలోకి రానిచ్చేవారు కాదు. 1980ల నాటికి ఒలింపిక్ ఉద్యమమే ఆ పట్టు వదిలేసింది. ఇప్పుడు మన సంఘాల పేర్లలో అమెచ్యూర్ అన్న మాట అలంకారంగానే మిగిలింది. దాని పాత అర్థాన్ని మాత్రం కొన్ని బైలాస్ ఇంకా మోస్తున్నాయి. జీతం తీసుకునే కోచ్‌కు సభ్యత్వం లేదని, ప్రైజ్ మనీ ముట్టుకున్నవాడు అనర్హుడని రాసిన వాక్యాలు అక్షరాలా అమలైతే దసరా టోర్నమెంటులో అయిదు వేలు గెలిచిన జట్టంతా బయటికి పోవాలి. ఎవరూ అమలు చేయరు. చేయాలనుకున్న రోజున ప్రత్యర్థి వర్గం మీదే చేస్తారు. అమలు కాని నియమంలో ఉన్న ప్రమాదం అదే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. కనీసం ఏడుగురు కావాలి. ఉద్దేశాల పత్రం, బైలాస్ తయారు చేసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చట్టం అడిగేది ఏడుగురు మనుషులను. క్రీడా సంఘానికి సభ్యులుగా ఉండాల్సింది క్లబ్బులు. రిజిస్ట్రేషన్ కోసం దించుకొచ్చిన నమూనా బైలాస్ ఏ కాలనీ సంక్షేమ సంఘానికో, సేవా సంస్థకో రాసింది. అందులో సభ్యులంటే సంతకం పెట్టిన వ్యక్తులే. రెండేళ్లు గడిచాక మండలాల నుంచి క్లబ్బులు చేరతాయి, అఫిలియేషన్ ఫీజు కడతాయి, జట్లను పంపుతాయి. వాటికి ఓటుందా? బైలాస్ తెరిచి చూస్తే వాటి ప్రస్తావనే ఉండదు. మొదటి ఏడుగురిలో ఇద్దరు ఊరు వదిలి వెళ్లిపోయినా, ఒకరు చనిపోయినా, ఓటు హక్కు కాగితం మీద వాళ్లదే. ఆట నడిపేది ఒకరు, సంఘం ఇంకొకరిది అన్న పరిస్థితి ఇలాగే వస్తుంది.

మైదానంలో ఈ తిప్పలు లేకపోవడానికి కారణం తూకం. 640 కిలోల విభాగంలో ఆడాలంటే పోటీకి ముందే ఎనిమిది మందీ కాటా ఎక్కాలి. మొత్తం బరువు ఆ అంకె దాటకూడదు. తూకం అయినవాడి ఒంటి మీద ముద్ర వేస్తారు. ముద్ర లేనివాడు తాడు పట్టుకోలేడు. లాగడం మొదలయ్యాక, వాడి బరువెంత, వాడు మీ జట్టువాడేనా అన్న వాదనకు తావు ఉండదు. సమావేశానికి ఓటర్ల జాబితా అలాంటి ముద్రే. ఫలానా తేదీ నాటికి బకాయి లేని క్లబ్బులకు ఓటు, ఒక్కో క్లబ్బుకు ఒక ప్రతినిధి, ప్రతినిధి పేరు లెటర్‌హెడ్ మీద ఫలానా రోజులోగా అందాలి, జాబితాను ఇన్ని రోజుల ముందు అందరికీ పంపాలి, అభ్యంతరాలు ఇంత గడువులో రావాలి అని రాసి ఉంటే చాలు. ఇవేవీ లేని చోట సమావేశం రోజు పొద్దున హాలు గుమ్మం దగ్గర బకాయి కట్టించుకుని కొందరిని లోపలికి పంపడం, మరికొందరికి రశీదు పుస్తకం అయిపోయిందని చెప్పడం జరుగుతుంది. అప్పుడు ఓట్ల లెక్కింపు లాంఛనమే.

నోటీసు సంగతి అంతకన్నా సున్నితం. ఈ విషయంలో అందరూ గుర్తుంచుకోదగ్గ ఉదాహరణ చిన్న సంఘంలో కాదు, భారత రెజ్లింగ్ సమాఖ్యలో జరిగింది. ఎన్నికలు సకాలంలో జరపలేదని 2023 ఆగస్టులో ప్రపంచ కుస్తీ సంస్థ దాన్ని సస్పెండ్ చేసింది. చివరకు డిసెంబరు 21న ఎన్నికలు జరిగాయి. సరిగ్గా మూడు రోజులకు, 24న, కేంద్ర క్రీడల శాఖ కొత్త కార్యవర్గాన్ని పక్కన పెట్టింది. గెలిచీ గెలవగానే అండర్-15, అండర్-20 జాతీయ పోటీలు ఆ నెలాఖరులోనే గోండా జిల్లా నందినీ నగర్‌లో జరుగుతాయని ప్రకటించడం దీనికి ఒక కారణం. ఆ నిర్ణయాన్ని శాఖ తప్పుబట్టిన తీరు చూడాలి. సమాఖ్య సొంత నియమావళిలోనే కార్యవర్గ సమావేశానికి 15 పూర్తి రోజుల నోటీసు, అత్యవసరమైతే 7 పూర్తి రోజుల నోటీసు, మూడో వంతు కోరం (సమావేశం చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) అని ఉంది, ప్రధాన కార్యదర్శి ప్రమేయం లేకుండా, నోటీసూ కోరమూ లేకుండా నిర్ణయం తీసుకున్నారు అన్నది శాఖ రాసిన లేఖలోని అభియోగం. శాఖ విధించిన ఆ సస్పెన్షన్ తొలగింది 2025 మార్చిలో. వెనక రాజకీయాలు ఎన్ని ఉన్నా, చేతికి దొరికిన పట్టు నోటీసు నిబంధన.

పూర్తి రోజులు అన్న మాట దగ్గర చాలామంది జారిపోతారు. నోటీసు ఇచ్చిన రోజు, సమావేశం జరిగే రోజు రెండూ లెక్కలోకి రావు. మే 1న నోటీసు వెళ్తే 15 పూర్తి రోజులు 16తో ముగుస్తాయి. సమావేశం 17న గానీ ఆ తర్వాత గానీ పెట్టుకోవాలి. 15నే పెట్టి పదిహేను రోజులైందనుకుంటే అక్కడ చేసిన తీర్మానాలన్నింటినీ ఓడిపోయినవాడు కొట్టేయించగలడు. ఇక నోటీసు ఎలా వెళ్లాలన్నది ఇప్పుడు కొత్త తలనొప్పి. వాట్సాప్ గ్రూపులో పెట్టామంటారు. గ్రూపులో ఎవరిని ఉంచాలో ఎవరిని తీసేయాలో అడ్మిన్ చేతిలో ఉంటుంది, ఆ అడ్మిన్ సాధారణంగా కార్యదర్శే. వాట్సాప్‌ను కాదనాల్సిన పని లేదు. దాంతో పాటు క్లబ్బు నమోదు చేసిన చిరునామాకు పోస్టులోనో, ఈమెయిల్‌లోనో పంపాలని ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది.

నోటీసు వెంట ఎజెండా ఉండాలి. మన సమావేశాల్లో ఎజెండా చివరి అంశం ఎప్పుడూ ఒకటే: అధ్యక్షుల వారి అనుమతితో ఇతర విషయములు. భోజనాల వేళ దగ్గరపడి సగం మంది లేచాక ఈ అంశం వస్తుంది. వచ్చే పోటీల తేదీ గురించి, టీ షర్టుల రంగు గురించి మాట్లాడుకోవడానికి పుట్టిన అంశమిది. దీని కింద బైలాస్ సవరణలు, సస్పెన్షన్లు, బ్యాంకు సంతకాల మార్పు కూడా జరిగిపోతుంటాయి. రానివాడు ఎజెండా చూసి, ముఖ్యమైనదేమీ లేదనుకునే రాలేదు కదా. నోటీసులో లేని పెద్ద విషయాన్ని అక్కడ తేల్చడమంటే రానివాడి నమ్మకంతో ఆడుకోవడమే. ఈ అంశం కింద ఓటింగ్ జరగదు, చర్చ మాత్రమే అని రాసుకున్న సంఘాలు తెలివైనవి.

కోరం విషయంలో లెక్క వేసి చూస్తే తప్ప ప్రమాదం కనపడదు. ఓ జిల్లా సంఘంలో 24 క్లబ్బులు ఉన్నాయనుకుందాం. కోరం మూడో వంతు, అంటే ఎనిమిది. వర్షాకాలం ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. బైలాస్ సవరణకు హాజరైనవారిలో మూడింట రెండు వంతుల మద్దతు చాలని ఉంటే ఆరుగురు చెయ్యెత్తితే అయిపోయినట్టే. ఇరవై నాలుగు క్లబ్బుల రాజ్యాంగం ఆరుగురి చేతిలో మారిపోతుంది. అదే మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులని ఉంటే పదహారు మంది కావాలి. హాజరైనవారిలో, మొత్తం సభ్యుల్లో అన్న రెండు పదాల మధ్య తేడా పది ఓట్లు. దీనికి మరో కొసరు కూడా ఉంది. అరగంట చూసినా కోరం రాకపోతే అదే రోజు, అదే చోట మళ్లీ సమావేశమై, వచ్చినవారితోనే నడిపేయొచ్చని చాలా బైలాస్‌లో ఉంటుంది. కంపెనీల చట్టంలోనూ ఇలాంటిది ఉంది గానీ అక్కడ వాయిదా వేసేది మరుసటి వారానికి, అదే రోజు, అదే సమయానికి. ఆ వారం గడువు ఉండటం వల్ల రానివాడికి రెండో అవకాశం దొరుకుతుంది. మన నమూనాల్లో ఆ వారం కాస్తా అరగంట అయింది. దీంతో కోరం అన్న నిబంధన ఉన్నా లేనట్టే. పార్లమెంటు కోరం సభ్యుల్లో పదో వంతే కదా అని వాదించేవాళ్లుంటారు. పార్లమెంటు సమావేశాలు ఏడాది పొడవునా విడతలవారీగా నడుస్తాయి, ఈ రోజు తప్పితే రేపుంటుంది. ఏడాదికోసారి కలిసే సంఘానికి ఆ లెక్క నప్పదు.

ఓట్లు సమానమైతే అధ్యక్షుడి కాస్టింగ్ ఓటు. లోక్‌సభ స్పీకరుకు రాజ్యాంగం 100వ అధికరణ ఇచ్చింది ఆ ఒక్క ఓటునే. ముందు సభ్యుడిగా ఒకటి వేసి, సరిసమానమయ్యాక ఇంకొకటి వేయడం అక్కడ కుదరదు. సంఘాల్లో మాత్రం అధ్యక్షుడు రెండు ఓట్లూ వేసేస్తాడు, ఎవరూ అడగరు. ఇంగ్లండ్ పార్లమెంటులో పందొమ్మిదో శతాబ్దపు స్పీకర్ డెనిసన్ పేరుతో ఒక సంప్రదాయం ఉంది: సగం మంది వద్దన్న మార్పును అధ్యక్ష స్థానం తన ఓటుతో తేకూడదు, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచేవైపే వేయాలి. చిన్న సంఘాలు అరువు తెచ్చుకోదగ్గ పద్ధతి ఇది. ఎన్నికలో ఓట్లు సమానమైతే కాస్టింగ్ ఓటు కన్నా చీటీ తీయడమే మేలు. ఎందుకంటే అక్కడ అధ్యక్షుడు కూడా ఒక ప్యానెల్ మనిషే.

మినిట్స్ పుస్తకం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. సమావేశం మొదలవగానే రిజిస్టరు చేతులు మారుతుంది, వచ్చినవాళ్లంతా సంతకాలు పెడతారు. హాజరుకే అనుకుంటారు. తర్వాత ఆ సంతకాల పైన వదిలిన ఖాళీలో తీర్మానం రాస్తారు: పై విషయమై కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. కింద ఇరవై సంతకాలు ఉన్నాయి కాబట్టి ఇరవై మందీ ఒప్పుకున్నట్టే. కాదని కోర్టుకు వెళ్లినవాడికి తన సంతకమే అడ్డొస్తుంది. విరుగుడు పెద్ద కష్టమేం కాదు. హాజరు పట్టీ వేరు, తీర్మానాల పుస్తకం వేరు. పేజీలకు ముందే అంకెలు. ప్రతి తీర్మానానికి ప్రతిపాదించినవారి పేరు, బలపరిచినవారి పేరు, అనుకూలం, వ్యతిరేకం, తటస్థం అంకెల్లో. ఏకగ్రీవం అన్న మాటను మినిట్స్ నుంచి కొన్నాళ్లు బహిష్కరించినా నష్టం లేదు. సగం ఏకగ్రీవాలు ముందు రోజు రాత్రి ఏదో హోటల్ గదిలో కుదిరినవే. వారం పది రోజుల్లో ప్రతులు అందరికీ వెళ్లాలి. తర్వాతి సమావేశంలో వాటిని ఆమోదించేటప్పుడు చూడాల్సింది జరిగినదాన్ని సరిగ్గా రాశారా లేదా అన్నది మాత్రమే. ఓడిన తీర్మానాన్ని ఆ వంకతో మళ్లీ తవ్వకూడదు.

పదవీకాలం గురించి జాతీయ స్థాయిలో చాలా చర్చే జరిగింది. 2011 నాటి క్రీడా నియమావళి అధ్యక్షుడికి గరిష్ఠంగా 12 ఏళ్లు, కార్యదర్శికి, కోశాధికారికి వరుసగా రెండు దఫాలు, ఆపై విరామం, అందరికీ 70 ఏళ్ల వయోపరిమితి పెట్టింది. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు కబడ్డీ సమాఖ్యలో జీవితకాల అధ్యక్ష పదవి చెల్లదని తేల్చి, అడ్మినిస్ట్రేటర్‌ను నియమించింది. ఆ సమాఖ్య పేరులోనూ అమెచ్యూర్ అనే ఉంటుంది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం జాతీయ సంస్థల కార్యవర్గాన్ని 15 మందికి పరిమితం చేసి, అందులో కనీసం నలుగురు మహిళలు ఉండాలంది. జిల్లా సంఘాలు ఇదంతా తమకు కాదులే అనుకుంటాయి. మహిళా జట్లు ఉన్న జిల్లాల్లోనూ కార్యవర్గంలో మహిళ పేరు వెతికితే ఎక్కువగా సంయుక్త కార్యదర్శి దగ్గరే ఆగుతుంది.

ఎంపికల్లో నియమం ఒక్కటి చాలు, అది ఉన్న చోట్లు తక్కువ: తన పిల్లాడో, తన క్లబ్బు ఆటగాడో ట్రయల్స్‌లో ఉన్న సభ్యుడు ఆ గది నుంచి బయటికి వెళ్లాలి, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి. చిన్న ఊళ్లలో అందరూ బంధువులే, ఇక ఎవరు మిగులుతారని అడుగుతారు. నిజమే. పక్క జిల్లా నుంచి ఒక కోచ్‌ను పిలిస్తే బస్సు ఛార్జీతో పోతుంది.

ఇన్నీ ఉన్నా తగాదా రావచ్చు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టంలోని 23వ సెక్షన్ సభ్యుల మధ్య వివాదాన్ని మధ్యవర్తిత్వానికి గానీ, జిల్లా కోర్టుకు గానీ తీసుకెళ్లమంటుంది. రిజిస్ట్రార్ తీర్పు చెప్పే న్యాయాధికారి కాదు, కాగితాలు దాఖలు చేసుకునే అధికారి. ఇది తెలియక రెండు వర్గాలూ వేర్వేరు కార్యవర్గ జాబితాలు పట్టుకుని ఆ ఆఫీసు చుట్టూ ఏళ్లు తిరుగుతాయి. ఈలోగా ఒకే విభాగానికి రెండు జిల్లా జట్లు రాష్ట్ర పోటీలకు చేరతాయి, కాటా దగ్గర ఎవరిని ఎక్కించాలో నిర్వాహకులకు తోచదు. కోర్టు తలుపు తట్టకముందే ఇద్దరికీ సమ్మతమైన మధ్యవర్తి ముందుకు నెల రోజుల్లోపు వెళ్లాలని బైలాస్‌లో ఉంటే, కనీసం ఆ ఏడాది పిల్లల సీజను పాడవదు.

అన్నింటికన్నా ఎక్కువగా మరిచిపోయేది అప్పగింత. కొత్త కార్యవర్గం గెలుస్తుంది, దండలు వేస్తారు, ఫొటో పేపర్లో వస్తుంది. సోమవారం బ్యాంకుకు వెళ్తే పాత సంతకాలతోనే ఖాతా ఉంటుంది. మార్చాలంటే మినిట్స్ ప్రతి, రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసిన కొత్త జాబితా కావాలంటారు. మినిట్స్ పుస్తకం పాత కార్యదర్శి దగ్గర ఉంది. ఆయన ఫోన్ ఎత్తడు. స్టాంపు కూడా ఆయన దగ్గరే. ఎన్నిక ముగిసిన ఏడు రోజుల్లో పుస్తకాలు, చెక్కులు, స్టాంపు, సామాను జాబితా రాసి ఇద్దరి సంతకాలతో అప్పగించాలన్న నిబంధన, అప్పగించకపోతే కొత్త పుస్తకం తెరిచే అధికారం, రెండూ బైలాస్‌లో ఉండాల్సినవి. స్టాంపును బజారులో ఇంకొకటి చేయించుకోవచ్చు, అప్పుడు ఊళ్లో రెండు స్టాంపులు తిరుగుతాయి. తాడు మాత్రం పాత కార్యదర్శి గారి గొడ్లచావడిలో చుట్టి ఉంటుంది, దాన్నెవరూ అడగరు.